బొద్దు పురుగులు

పోయిన వారం మనం తలుపు దగ్గరే ఆగిపోయాం. లోపల ముఖం కందగడ్డ చేసుకుని కూర్చున్న పురుగులమ్మ, బయట కళ్లు తుడుచుకుంటూ వెళ్లిపోతున్న గుండుసూది. ఈ వారమే పత్రిక చేతికి అందినవాళ్లు కంగారు పడక్కర్లేదు, నాలుగు ముక్కల్లో చెప్పేసి ముందుకు పోతాను.

పురుగులమ్మ పరిశోధనాలయంలో కీటకాల విభాగానికి పెద్ద. ఆ పేరు వీధిలో పిల్లలు పెట్టింది. మొదట్లో ఆవిడకు ఒళ్లు మండేది. తర్వాత్తర్వాత ఎంత అలవాటైపోయిందంటే, ఎవరైనా అసలు పేరుతో పిలిస్తే ఇంకెవరినో అనుకుని వెనక్కి తిరిగి చూస్తుంది. గుండుసూది ఆవిడ దగ్గర థీసిస్ రాస్తున్న అమ్మాయి. మనిషి సన్నం, మాట సూటి, అందుకని తోటివాళ్లు అలా పిలుస్తారు.

క్యాబేజీ ఆకులు మేసే ఆకుపచ్చ పురుగు ఒకటుంది. తిన్నంత తిని, ఒకనాటికి తిండి మానేసి, గోధుమరంగు పెంకులో ముడుచుకుని ప్యూపా అవుతుంది. ఆ పెంకులోంచే రెక్కల పురుగు బయటికొస్తుంది. చాలా పురుగుల్లో, 'ఇక తిన్నది చాలు, మారు' అని ఒంటికి కబురు పంపేది తల. తల వెనకాల దారంతో ముడి బిగిస్తే ఆ కబురు ఒంటికి చేరదు, పురుగు పురుగుగానే ఉండిపోతుంది. మన క్యాబేజీ పురుగు మాత్రం అలాంటిది కాదని, దానికి తలతో పనిలేదని, ఎప్పుడు మారాలో ఒళ్లే తేల్చుకుంటుందని పురుగులమ్మ వయసులో ఉండగానే నిరూపించింది. ముడి బిగించినా వెనక ఒళ్లు చక్కగా ప్యూపా అయి కూర్చునేది. ఆ ఒక్క ముక్కతో ఆవిడ పేరు పాఠ్యపుస్తకాలకెక్కింది. కూతురు బుల్లి కూడా అదే దారి పట్టి, పురుగుమందుల కంపెనీలో చేరి, అమ్మ కనిపెట్టినదాని మీదే ఒక కొత్త మందు తయారుచేసింది.

అలాంటావిడ ముందు ట్రే పెట్టి, నలుగురూ వింటుండగా, "మేడం, నేను కట్టినవాటిలో ఒక్కటీ ప్యూపా కాలేదు. దీనికీ తల కావాల్సిందేనేమో" అంది గుండుసూది. ఇంకేముంది! "ముడి మరీ బిగించి ఒంటిని నలిపేశావ్. నలిగిన పురుగు ఎలా మారుతుంది? ముందు ముడి వేయడం నేర్చుకో, తర్వాత నన్ను దిద్దుదువుగాని" అని విరుచుకుపడింది పురుగులమ్మ. థీసిస్ సంతకం లేకుండా బల్ల మీదే ఉండిపోయింది. ఇదీ జరిగింది.

మర్నాడు పొద్దున్న పురుగులమ్మ వంటింట్లో భర్త ఎదురుగా కూర్చుని బఠాణీలు ఒలుస్తోంది. ఆయన రిటైరైన లెక్కల మాస్టారు. ఇంట్లో వంట ఆయనదే, మాట దెప్పడమూ ఆయనదే.

"సంతకం పెట్టావా?"

"ఏ సంతకం?"

"తెలియనట్టు అడక్కోయ్. ఆ అమ్మాయి థీసిస్ మీద."

"తప్పులతడక మీద సంతకం ఎలా పెడతానండీ?"

"తప్పని నువ్వు కట్టి చూశావా?"

"నేను కట్టి చూడబట్టే కదా ఇంతదాకా వచ్చాను! మన బుల్లి పుట్టకముందే కట్టి చూశాను."

మాస్టారు కత్తిపీట పక్కన పెట్టాడు. "నా క్లాసులో ఎవడైనా లేచి లెక్క తప్పంటే బోర్డు తుడిచి మళ్లీ చేసేవాణ్ణి. పోయినేడాది చేసేశాను, కూర్చోరా అనేవాణ్ణి కాదు."

"మీ లెక్కలు తిండి తినవు, చచ్చిపోవు. నా పురుగులతో పడితే తెలిసేది."

"సరేలే. ఒలిచినవి ఒలిచినట్టు నోట్లో వేసుకోకు, కూరకు చాలవు. అన్నట్టు బుల్లి ఫోన్ చేసింది. మందు సంగతి ఈ పదిరోజుల్లో తేలిపోతుందట. తేలగానే తోటలకు పంపేస్తారట. దాని గొంతులో ఆనందం చూడాలి!"

కూతురి మాట వినగానే పురుగులమ్మ ముఖం విచ్చుకుంది. చేతిలో మిగిలిన గింజలు గిన్నెలో వేసి లేచింది. చెప్పులు తొడుక్కుంటూ కూడా లోలోపల భర్తతో పోట్లాడుతూనే ఉంది. బోర్డు తుడిచి మళ్లీ చేయాలట! సరే, చేసి చూపిస్తాను, ఆ పిల్ల నోరు మూతపడుతుంది, ఈయన నోరూ మూతపడుతుంది అనుకుంది.

పురుగుల్ని పెంచే గది పరిశోధనాలయం వెనకవైపు ఉంటుంది. కిటికీలు లేవు. లోపల ఎప్పుడూ గోరువెచ్చగా, క్యాబేజీ వాసనతో నిండి ఉంటుంది. కొత్తవాళ్లు ముక్కు మూసుకుంటారు, పాతవాళ్లకు ఆకలేస్తుంది. ఊపిరి బిగబట్టి వింటే, అరల్లోని ట్రేలన్నింటిలోంచీ ఆకు నములుతున్న చప్పుడు సన్నగా వినిపిస్తుంది. ఆ చప్పుడు వింటే పురుగులమ్మకు ఎంతటి కోపమైనా సగం దిగిపోయేది. ఆ రోజు దిగలేదు.

గుండుసూది ఒక మూల ట్రేలు శుభ్రం చేస్తోంది. రాత్రంతా ఏడ్చిందేమో, కళ్లు ఉబ్బిపోయి ఉన్నాయి. ఆవిణ్ణి చూడగానే లేచి నిలబడింది.

"కూర్చో. ఇవాళ నేను కడతాను, నువ్వు పక్కన కూర్చుని చూడు. ఒళ్లు నలగకుండా ఎలా కట్టాలో తెలుస్తుంది."

"అలాగే మేడం. కానీ ఒక్క మాట..."

"మళ్లీ ఏమిటి?"

గుండుసూది నీళ్లు నమిలింది. ఆ అమ్మాయి నీళ్లు నమలడం అదే మొదటిసారి. "ముళ్లు మీరే వేయండి. మీలాగా వేసేవాళ్లు లేరు, నేనూ ఒప్పుకుంటాను. కాకపోతే, కట్టే ముందు ఈ ట్రేలోంచి మీకు కావాల్సినవి ఏరి ఇటు పెట్టండి. మిగిలినవి ఆ ట్రేలోనే ఉంచేద్దాం."

"దానికేం భాగ్యం!"

పురుగులమ్మ కళ్లజోడు ముక్కు మీదికి జరుపుకుని ఫోర్సెప్స్ అందుకుంది. అన్నీ ఒకేసారి ఆఖరి కుబుసం విడిచిన పురుగులు, ఒక ఈడువి. ఆవిడ చేయి ట్రే మీద తిరిగిందంటే చూడముచ్చటగా ఉంటుంది. ఇక్కడొకటి, అక్కడొకటి, ఆకు కింద నక్కిందొకటి, తడుముకోకుండా తీసి పక్క ప్లేటులో పెట్టేసింది. "ఇక మంచుముక్కలు తీసుకురా. చల్లబడితే కదలవు, ముడి సులువుగా పడుతుంది" అంది.

గుండుసూది కదల్లేదు. "మేడం, ట్రేలో మిగిలినవాటిని చూడండి."

"చూశాను. పురుగులే."

"అలా కాదు. రెండూ పక్కపక్కన పెట్టి చూడండి."

చూసింది. ప్లేటులో ఉన్నవన్నీ బొద్దుగా, నున్నగా, నిగనిగలాడుతున్నాయి. ట్రేలో మిగిలినవన్నీ బక్కవి.

"ఇవన్నీ ఒక ఈడువేగా మేడం? మరి వీటిని ఎందుకు వదిలేశారు?"

"బక్కవి దారానికి తట్టుకోలేవు, చస్తాయి. ఆ మాత్రం తెలియదా?" అనేసింది పురుగులమ్మ. అనడానికి ఆలోచించనక్కర్లేకపోయింది. పరిశోధనలో అడుగుపెట్టిన రోజున ఆవిడ గురువు ఆవిడకు చెప్పిన మాట అది. ఆ తర్వాత ఎంతమంది శిష్యులొచ్చినా ఆవిడ కూడా మొదటిరోజే ఒక బొద్దు పురుగును వాళ్ల అరచేతిలో పెట్టి, 'ఇలాంటిది చూసుకుని తీసుకోవాలి' అని చెప్పేది. ఎవరూ ఎందుకని అడగలేదు. అడగాల్సిన విషయమని ఆవిడకూ తోచలేదు.

"నేను కట్టినవన్నీ బక్కవే మేడం" అంది గుండుసూది.

"ఎందుకు? నీకు బొద్దువి కంటికి ఆనలేదా?"

"ఆనాయి. కానీ దొరికితేగా! మా పాపని బడిలో దింపి నేను వచ్చేసరికి సీనియర్లు అందరూ ఏరుకుపోయేవారు. అడుగున మిగిలినవే నాకు. మొదట్లో మన మామూలు దారంతో కడితే నిజంగానే చచ్చాయి. మా అత్తయ్య కుట్టుపని చేస్తుంది. ఆవిణ్ణి అడిగి సన్నటి పట్టుదారం తెచ్చుకున్నా. దాంతో కడితే చావలేదు. చావలేదు, మారనూ లేదు."

పురుగులమ్మ ఫోర్సెప్స్ పట్టుకున్న తన చేతిని చూసుకుంది. ఇందాక ట్రే మీద అంత చులాగ్గా తిరిగిన చేయి అది. కొంచెం భయమేసింది.

"ఆ దారం ఇటివ్వు" అంది చివరికి.

బొద్దువాటికి, బక్కవాటికి, అన్నింటికీ ఆ సన్నదారంతోనే కట్టింది. మంచు మీద చల్లబడిన పురుగును మైక్రోస్కోపు కింద పెట్టి, దారాన్ని తల వెనక్కి జారవిడిచి, రెండు చివరలూ సమంగా లాగుతూ, ఒంటి మీద చిన్న నొక్కు పడగానే ఆపేసింది. వయసు పైబడినా వేళ్లు వణకలేదు. గుండుసూది పక్కనే ఊపిరి బిగబట్టి చూసింది. నిన్న తిట్లు తిన్నదాన్నన్న సంగతి కూడా మరిచిపోయి, "అబ్బ, ఎంత బాగా వేశారు మేడం!" అంది. పురుగులమ్మకు నవ్వొచ్చింది గానీ నవ్వలేదు.

ఆ తర్వాత రోజులు ఎలా గడిచాయో ఆవిడకే తెలియాలి. పొద్దున్న వచ్చీ రాగానే ఆ గదిలోకే. ఇంట్లో కూర ఉప్పగా ఉందని మాస్టారే ఒప్పుకున్నా ఆవిడకు తెలియలేదు. మనసులో సాకులు పుట్టుకొస్తూనే ఉన్నాయి. బక్కవి జబ్బువేమో. పట్టుదారానికి రంగు వేశారేమో, ఆ రంగు పడలేదేమో. పోనీ ఇంకా ఆలస్యంగా మారతాయేమో. ఒక్కో సాకునూ తనే పుట్టించి, తనే కొట్టిపారేసింది. అన్నేళ్లు పరిశోధన చేసిన మనిషి కదా, తనను తాను మభ్యపెట్టుకోవడం కూడా చేతకాలేదు.

బొద్దువన్నీ ఎప్పటిలాగే ముడి వెనక గోధుమరంగు తిరిగి గట్టిపడ్డాయి. బక్కవి పచ్చగానే ఉండిపోయాయి. ఫోర్సెప్స్ కొసతో తాకితే ఒళ్లు ముడుచుకుని మళ్లీ సాగుతున్నాయి. ప్రాణం ఉంది, ఒళ్లు నలగలేదు, ముడి తనదే. ఇంకేం అనడానికి లేదు.

సంగతి పసిపిల్లలకు కూడా అర్థమయ్యేంత తేలికైనది. బొద్దు పురుగు తినాల్సినంత తినేసింది, దానికి తల అప్పటికే కబురు పంపేసింది. ఆ తర్వాత ముడి వేస్తే ఏం లాభం? వార్త ఒంటికి చేరిపోయింది, ఒళ్లు తన పని తాను చేసుకుపోయింది. బక్కదానికి ఇంకా కబురు అందలేదు. అందకముందే దారి మూసేస్తే అది ఎప్పటికీ మారదు. తలతో పనిలేదని పురుగులమ్మ చాటినదంతా, తల పని ముగించేసిన పురుగుల్ని ఏరుకోబట్టి కనబడిందే. ఇతర దేశాలవాళ్లు కూడా చేసి చూసి నిజమే అన్నారు కదా అని ఒక్క క్షణం ఆశపడింది. అలా అన్నవాళ్లంతా తన దగ్గరో, తన శిష్యుల దగ్గరో ముడి వేయడం నేర్చుకున్నవాళ్లే. వాళ్ల అరచేతుల్లో కూడా బొద్దు పురుగునే పెట్టింది తను.

కుర్చీలో కూలబడింది. సిగ్గేసింది. అంతకంటే ఎక్కువగా దుఃఖం వచ్చింది. వయసులో ఉన్నప్పుడు ఆ మొదటి ప్యూపాను చూసి ఈ గదిలోనే గంతులేసింది. ఆ సంతోషం అబద్ధం కాదు కదా, మరి దాన్ని ఇప్పుడు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. కళ్లజోడు తీసి కొంగుతో కళ్లొత్తుకుంది.

గుండుసూది కంగారుపడింది. "మేడం, మంచినీళ్లు తేనా?"

"వద్దు. నీదే రైటు, అమ్మాయ్."

"మేడం..."

"నలుగురిలో అన్నాను నిన్ను. నలుగురిలోనే చెప్తాను, నీదే రైటని. ముందు ఆ థీసిస్ ఇలా తీసుకురా."

గుండుసూది థీసిస్ తెచ్చి బల్ల మీద పెట్టింది. ఇప్పుడు ఏడుపు ఈ అమ్మాయి వంతు. ఏడుస్తూనే, వాతావరణం తేలిక చేద్దామని కాబోలు, ట్రే వైపు చూసి అంది: "పాపం, తలలు కట్టేశాం కాబట్టి సరిపోయింది. నోరు పనిచేస్తుంటే ఈపాటికి ట్రే మొత్తం మేసేసేవి. ఆపమని చెప్పేవాళ్లే లేరుగా వాటికి!"

పురుగులమ్మ కలం మూత తీయబోతూ ఆగిపోయింది.

"ఏమన్నావ్?"

"ఊరికే సరదాకి అన్నాను మేడం."

సరదాకే అంది. కానీ పురుగులమ్మకు కూతురు గుర్తొచ్చింది. బుల్లి మందు చేసే పని అదే. ఒంట్లోకి వెళ్లి, పురుగు ప్యూపాగా మారకుండా అడ్డుపడుతుంది. మారాలని చూస్తున్న బొద్దు పురుగు మధ్యలో చిక్కుకుని చస్తుంది. మరి బక్కది? దానికి ఇంకా మారే వేళ రాలేదు. మందు పడితే ఇక రాదు. తల ఉంటుంది, నోరుంటుంది, ఆకలుంటుంది. తింటూనే ఉంటుంది, మామూలుగా ఆపేసే రోజు దాటిపోయినా తింటూనే ఉంటుంది. తోటలో పురుగుల్ని ఎవరు ఏరతారు? అక్కడ బక్కవే ఎక్కువ. మందు చల్లిన తోటలోనే ఆకు మిగలదు.

చేతికందిన ఫోను తీసి కూతురికి కలిపింది. ఆవిడకు ఒక చెవి సరిగ్గా వినపడదు, అందుకని ఫోను పెద్దగా వినబడేలా పెట్టుకోవడం అలవాటు. గుండుసూది మర్యాద కోసం కుళాయి దగ్గరికి వెళ్లి ట్రేలు కడగసాగింది.

"అమ్మా! నీకే చేద్దామనుకుంటున్నా" అంది బుల్లి. గొంతు నిండా నవ్వే. "ఒప్పేసుకున్నారమ్మా! రేపటి నుంచే తోటలకు పంపుతారు. మా వాళ్లు నన్ను ఎత్తుకుని తిప్పారు తెలుసా?"

"బుల్లీ, ఒక్క మాట చెప్పు. నీ మందు పరీక్షలకు పురుగుల్ని ఎవరు ఏరారు?"

"నేనే. అలాంటి పని ఇంకొకరి చేతికిస్తానా? నీ కూతుర్నమ్మా!"

"ఎలాంటివి ఏరావ్?"

"అదేం ప్రశ్నమ్మా? చిన్నప్పుడు పక్కన కూర్చోబెట్టుకుని నువ్వు చూపించినట్టే. నిండుగా, నున్నగా ఉన్నవి."

పురుగులమ్మ కళ్లు మూసుకుంది. తర్వాత అంతా చెప్పింది. తన తప్పు దగ్గర మొదలుపెట్టి, బక్క పురుగుల దగ్గరికొచ్చి, తోటల దాకా, ఏదీ దాచకుండా, ఏదీ మెత్తబరచకుండా చెప్పింది. తన గొంతు తనకే ఎవరిదోలా వినిపించింది.

కూతురు అయ్యో అంటుందని ఎదురుచూసింది. వెంటనే ఆపించేస్తానమ్మా అంటుందని ఎదురుచూసింది. ఏడ్చినా బాగుండు అనుకుంది.

"ఈ సంగతి ఇంకెవరికి తెలుసమ్మా?" అంది బుల్లి. గొంతులో నవ్వు పోయింది.

"ఎందుకు?"

"ఊరికే అడిగా. నాన్న చెప్పాడు, ఆ అమ్మాయి థీసిస్ మీద నువ్వింకా సంతకం పెట్టలేదట కదా?"

"ఇప్పుడే పెట్టబోతున్నాను."

"పెట్టకమ్మా. ఈ ఒక్క పంటకాలం ఆగు. తప్పు నీదని నువ్వు చెప్పుకుంటే నీకు గౌరవమే పెరుగుతుంది, నీకేం! ఇక్కడ నా బతుకు పోతుంది. నాతో పనిచేసిన వాళ్లందరి ఉద్యోగాలూ పోతాయి. నేను మెల్లగా చూసి మందు సరిచేసుకుంటా కదా. నాకోసం ఆ మాత్రం చేయలేవా?"

"ఈలోగా తోటలు మేసేస్తే?"



కుళాయి చప్పుడు ఆగిపోయింది. గుండుసూది తడిచేతులతో అటు తిరిగే నిలబడి ఉంది. అంతా విన్నదని ఆ వీపే చెబుతోంది. "మేడం, నన్ను బయటికి వెళ్లమంటారా?" అంది మెల్లగా.

వెళ్లమంటే ఎంత తేలికయ్యేదో పురుగులమ్మకు తెలుసు. బుల్లి ఆవిడ ఒక్కగానొక్క కూతురు. చిన్నప్పుడు జ్వరం వస్తే కూడా ఇంట్లో ఉండనని ఏడ్చి, ఈ గదిలోనే ట్రేల పక్కన చాప వేయించుకుని పడుకునేది. దాని కష్టం తన కష్టం కాదా?

"వద్దు, ఇక్కడే ఉండు" అంది.

ఫోను బల్ల మీద పెట్టి, కలం మూత తీసి, థీసిస్ మొదటి పేజీ మీద సంతకం పెట్టింది. ఎప్పుడూ గీతలా లాగేసే సంతకాన్ని ఈసారి అక్షరం అక్షరం రాసింది. తర్వాత ఫోను మళ్లీ చేతిలోకి తీసుకుంది.

"పెట్టేశాను బుల్లీ. నువ్వే ముందుగా మీవాళ్లకు చెప్పు. నువ్వు చెబితే నీ మాట నిలబడుతుంది. నేనూ వచ్చి నీ పక్కన కూర్చుంటాను. తప్పు నేర్పింది నేను, ఆ మాట అందరి ముందూ నేనే చెప్తాను."

"నువ్వు రావడం దేనికి?" అంది బుల్లి. ఆ గొంతు ఇప్పుడు చల్లగా, మర్యాదగా ఉంది. "రేపు పొద్దున నేనే వస్తున్నా."

పురుగులమ్మ ప్రాణం లేచొచ్చింది. ఎంతైనా తన పిల్ల, ఎదురుగా కూర్చోబెట్టి చెబితే వింటుంది. "రా తల్లీ, రా. నాన్నతో చెప్పి నీ గది ఇప్పుడే దులిపిస్తాను."

"ఇంటికి కాదమ్మా. నీ ఆఫీసుకి. మా లాయరుతో కలిసి వస్తున్నా."